నీళ్ళకని తవ్వితే నల్లమట్టి

అనంతపురం పల్లెల్లో బోరు వేసే రోజు ఆ రైతు ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. రిగ్గు లారీ చేలోకి దిగుతుంది. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించినతను ఓ పక్కన నిలబడి ఉంటాడు. కంప్రెసరు మోత మొదలైన కాసేపటికి గుంతలోంచి దుమ్ము లేస్తుంది. మొదట ఎర్రదుమ్ము, అది పైమట్టి. తర్వాత బూడిదరంగు, ఆపైన సున్నంలా తెలుపు. రెండు వందల అడుగులు, నాలుగు వందలు, ఏడు వందలు. రాడ్డు వెనక రాడ్డు దిగుతూనే ఉంటుంది, అడుగుకింత చొప్పున అప్పు పెరుగుతూనే ఉంటుంది. దుమ్ము తడిస్తే పంట. తడవకపోతే ఇంకో వంద అడుగులు.

ఇలాగే నీళ్ళ కోసం బోరు వేయించిన ఓ ఆసామి కథ ఒకటుంది. ఊరు నైవేలీ, అప్పటి దక్షిణ ఆర్కాటు జిల్లా. ఆసామి పేరు జంబులింగ ముదలియార్. 1934–35 ప్రాంతంలో ఆయన పొలంలో వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి. పడటమే కాదు, ఉబికి పైకే వచ్చాయి. నీళ్ళతోపాటు నల్లటి పెళ్ళలు కూడా వచ్చాయి. ఆరబెట్టి నిప్పంటిస్తే మండాయి. ముదలియార్ ఆ సంగతిని ప్రభుత్వం దృష్టికి తీసుకెళ్ళాడు. 1943–46 మధ్య జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అక్కడ బోర్లు వేసి చూసి, కిందున్నది లిగ్నైట్ అని, అదీ చిల్లరగా కాదు, భారీ నిల్వ అని తేల్చింది.

అప్పటికి నైవేలీ, అనంతపురం రెండూ ఒకే రాష్ట్రం. మద్రాసు రాష్ట్రానికి సొంత బొగ్గు లేదు. రైళ్ళకైనా మిల్లులకైనా బయటి గనుల నుంచి తెప్పించుకోవాల్సిందే. అలాంటి రాష్ట్రంలో ఒక మూల బోరు వేస్తే బొగ్గు, ఇంకో మూల బోరు వేస్తే తెల్లదుమ్ము. ఈ తేడా ఎందుకొచ్చిందో చెప్పడానికి కాలాన్ని కోట్ల సంవత్సరాల్లో లెక్కపెట్టాలి.

బొగ్గు అంటే చెట్టు. చిత్తడి నేలలో కూలిన మాను, రాలిన ఆకు గాలి సోకని బురదలో మునిగిపోతే పూర్తిగా కుళ్ళవు. పొర మీద పొర పేరుకుని మొదట పీట్ అవుతాయి. దాని మీద ఇసుక, బంకమట్టి పేరుకుని నొక్కినకొద్దీ, లోతుకు దిగి వేడెక్కినకొద్దీ అందులోని నీరు పోతుంది, కర్బనం పాలు పెరుగుతుంది. పీట్ తర్వాతి మెట్టు లిగ్నైట్, గోధుమరంగు బొగ్గు. ఆ తర్వాత నల్లబొగ్గు. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి. నైవేలీ లిగ్నైట్‌ది అందులో ఏ కొంచెమో వయసు. సరిగ్గా నలగని, సరిగ్గా ఆరని బొగ్గు అది. కొన్ని ముక్కల్లో కట్టె పొరలు కంటికి కనిపిస్తాయి.

మరి అనంతపురం? బోరులోంచి లేచిన ఆ తెల్లదుమ్ము నైస్ రాయి, గ్రానైటు. వాటి వయసు 250 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ. నేల మీద మొదటి అడవులు పెరిగి ఇంకా 40 కోట్ల ఏళ్ళు కాలేదు. అంటే ఈ జిల్లా రాయి గట్టిపడ్డాక భూమ్మీద చెట్టు పుట్టడానికి రెండు వందల కోట్ల ఏళ్ళు పట్టింది. చెట్టే లేని కాలపు రాయిలో బొగ్గు ఎలా ఉంటుంది? తాడిపత్రి వైపు వెళ్తే ఆశ పుట్టించే పొరలు కనిపిస్తాయి. ఇళ్ళల్లో పరిచే బండలెన్నో అక్కడివే, నీటి అడుగున పొరలుగా పేరుకున్న రాళ్ళే. కానీ అవి కూడా చెట్లకన్నా ఎంతో ముందువి. కడప శిలలు అనే ఆ పొరల్లో వేంపల్లె చుట్టుపక్కల కనిపించే జీవం జాడ, నీటిలో పెరిగిన సూక్ష్మజీవుల తెట్టెలు గుండ్రంగా రాయిగా మిగిలిన గుర్తులు మాత్రమే. ఆ తర్వాతి యుగాల్లో ఏమైనా మట్టి, అడవి ఇక్కడ పేరుకుని ఉంటే, ఎత్తైన పీఠభూమి కావడంతో వానకూ గాలికీ అరిగి ఎప్పుడో కొట్టుకుపోయింది. సింగరేణి ఉన్న గోదావరి లోయలో నేల కుంగింది, అడవిని దాచుకుంది. అనంతపురంలో నేల కుంగలేదు.

అదే రాయి నీటిని కూడా దాచుకోదు. నైవేలీ కింద ఇసుకరాయి ఉంది, స్పంజిలా నీళ్ళు పట్టుకుంటుంది. ఇక్కడ నీళ్ళుండేది రాతి పగుళ్ళలోనే. బోరు ఆ పగులుకు తగిలిందా సరేసరి, జానెడు పక్కకు పోయిందా దుమ్మే. నీరు లేకపోవడానికీ బొగ్గు లేకపోవడానికీ కారణం ఒకటే రాయి.

ఇక నైవేలీలో బొగ్గు దొరికినంత మాత్రాన కరెంటు వచ్చేయలేదు. బోర్లలో నిల్వ తేలినప్పటి నుంచి బల్బు వెలిగే దాకా పదహారేళ్ళకు పైనే పట్టింది. 1956 నవంబరులో నైవేలీ లిగ్నైట్ కార్పొరేషన్ ఏర్పడింది. 1957 మే 20న నెహ్రూ గని తవ్వకం ప్రారంభించారు. లిగ్నైట్ పొర బయటపడింది 1961 ఆగస్టులో. సోవియట్ సాయంతో కట్టిన కేంద్రంలో మొదటి 50 మెగావాట్ల యూనిట్ నడిచింది 1962లో. గనికి కావాల్సిన యంత్రాలు జర్మనీ నుంచి వచ్చాయి. చక్రం చుట్టూ బొక్కెనలు కట్టి ఉండే ఆ యంత్రాలు కపిల బానను గుర్తుచేస్తాయి. ఎద్దులు లాగే బానతో రాయలసీమ రైతు నీళ్ళు తోడినట్టే, అవి మట్టిని తోడి బెల్టుల మీద పోస్తాయి. లిగ్నైట్ మీద పదుల మీటర్ల మందాన మట్టి, ఇసుకరాయి ఉంటాయి. వాటిని తీస్తే తప్ప బొగ్గు కనిపించదు.

తవ్విన లిగ్నైట్‌లో దాదాపు సగం నీరే. వంటింట్లో తడికట్టెలతో పొయ్యి రాజేసిన ఎవరికైనా దీని అర్థం తెలుసు. కిలో లిగ్నైట్ బాయిలర్‌లోకి వెళ్తే, అందులో ఉన్న అరకిలో నీరు మొదట ఆవిరి కావాలి. కిలో నీరు ఆవిరి కావడానికి 540 కిలో కేలరీలు కావాలి కాబట్టి, అరకిలోకు 270. నైవేలీ లిగ్నైట్ కిలోకు ఇచ్చే వేడి సుమారు 2,600 కిలో కేలరీలు. అంటే తన వేడిలో పదో వంతు దాకా తన తడిని ఆరబెట్టుకోవడానికే ఖర్చు. మంచి నల్లబొగ్గు ఇంతకు రెట్టింపు వేడినిస్తుంది. నైవేలీకి ఉన్న ఒక మంచి గుణం బూడిద తక్కువ కావడం. దేశంలోని నల్లబొగ్గులో మూడో వంతు దాకా బూడిద ఉంటుంది, ఇందులో పదో వంతు కూడా ఉండదు.

తడి బొగ్గును దూరం మోయడం రైలు కిరాయి పెట్టి నీళ్ళు మోసినట్టే. పైగా ఎండితే పొడిపొడి అవుతుంది, కుప్పపోస్తే తనంతట తానే అంటుకుంటుంది. అందుకే ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా లిగ్నైట్ కేంద్రం గని అంచునే ఉంటుంది. నైవేలీ అంతే. రాజస్థాన్‌లోని బర్సింగ్‌సర్ అంతే. బొగ్గు కదలదు, తీగల మీద కరెంటు కదులుతుంది.

గని తవ్వేవాళ్ళకు అసలు పరీక్ష పెట్టింది మాత్రం నీళ్ళే. ముదలియార్ బోరులోంచి ఉబికి వచ్చిన నీళ్ళు గుర్తున్నాయి కదా. లిగ్నైట్ పొర కింద ఒత్తిడితో నిండిన నీటి పొర ఒకటుంది. పైమట్టి బరువు దాన్ని అణచి పెట్టింది. ఆ మట్టిని తీసేస్తే కింది నీరు గని అడుగును బద్దలు కొట్టుకుని పైకి తన్నుతుంది. కాబట్టి గని చుట్టూ బోర్లు వేసి రేయింబవళ్ళు తోడుతూనే ఉండాలి. తోడటం ఆగితే గని మునుగుతుంది. టన్ను లిగ్నైట్ తీయడానికి పది టన్నులు, అంతకుమించి నీళ్ళు తోడాలన్నది అక్కడి లెక్క. ఆ నీళ్ళన్నీ వృథా పోవు. విద్యుత్ కేంద్రాలకూ టౌన్‌షిప్‌కూ వెళ్తాయి, కొంత పొలాలకు పారుతుంది, కరువు ఏళ్ళలో నైవేలీ నీరు చెన్నై దాహమూ తీర్చింది. కానీ ఒకప్పుడు మోటారు లేకుండానే ఉబికిన చుట్టుపక్కల బావులు ఇప్పుడు ఉబకవు.

నైవేలీ రెండో థర్మల్ కేంద్రం 1,470 మెగావాట్లది. ఆ కరెంటులో దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ వాటాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌కూ ఉంది. తీగల్లో కలిసిపోయిన కరెంటును ఇది ఫలానా చోటిదని విడదీయలేం గానీ, లెక్క కోసం ఒక్క మోటారును నైవేలీకి కట్టి చూద్దాం. కదిరి దగ్గర చేలో ఐదు హార్స్ పవర్ మోటారు రోజుకు తొమ్మిది గంటలు నడిస్తే సుమారు 33 యూనిట్లు కాలుతుంది. యూనిట్‌కు కిలో లిగ్నైట్, కొంచెం ఎక్కువే పడుతుంది కాబట్టి 35 కిలోల లిగ్నైట్ అనుకోవచ్చు. ఆ 35 కిలోల కోసం నైవేలీలో తోడాల్సిన నీళ్ళు 350 లీటర్ల పైమాటే. పొగగొట్టంలోంచి పోయే బొగ్గుపులుసు వాయువు యూనిట్‌కు కిలోకు పైగా. కరువు సీమలో నీళ్ళు పైకి రావడానికి, నీళ్ళున్న చోట నీళ్ళు తోడి పారబోయాలి. 2004 మే 14న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు దస్త్రం మీద తొలి సంతకం చేసినప్పటి నుంచి ఈ ఖర్చు రైతు బిల్లులో కనిపించదు. రైతుకు ఆ ఊరట అవసరమే. కానీ బిల్లులో కనిపించనంత మాత్రాన ఆ ఖర్చు లేకుండా పోదు.

బొగ్గుతో అనంతపురం బంధుత్వాన్ని భూగర్భం ఒకసారి తేల్చితే, రాష్ట్రాల హద్దులు మూడుసార్లు తేల్చాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు నైవేలీ మద్రాసు వైపు ఉండిపోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో సింగరేణి చేతికొచ్చింది. విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర గుర్తించిన బొగ్గు, 1889 నుంచి తవ్వుతున్న బొగ్గు, అప్పటి నుంచి సీమకు కూడా సొంతమైంది. 2014 జూన్ 2న మళ్ళీ అది పొరుగు రాష్ట్రానిదయింది. ఈ మధ్యలోనే, 1994లో, కడప జిల్లా కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం మొదలైంది. 210 మెగావాట్లతో మొదలై 1,650 మెగావాట్ల దాకా పెరిగింది. బొగ్గు లేని చోట బొగ్గు కేంద్రం! వందల కిలోమీటర్ల దూరం నుంచి గూడ్సు రైళ్ళు మోసుకొస్తేనే దాని పొయ్యి మండుతుంది. నల్లబొగ్గు కాబట్టి ఆ ప్రయాణం సాధ్యమైంది. లిగ్నైట్ అయితే దారిలోనే సగం విలువ పోయేది.

సొంత నిల్వలు తవ్వుకుంటే సొంత కరెంటు అనే మాట వినడానికి నిండుగా ఉంటుంది. ఆ సొంతం ఎవరిదన్నది నైవేలీ పల్లెల్లో అడగాలి. గని ఒక చోట ఆగేది కాదు, పొర ఎటు సాగితే అటు నడుస్తుంది. దాని దారిలో ఊళ్ళుంటాయి, గుళ్ళుంటాయి, వరిమళ్ళుంటాయి. 2023 జూలైలో వలయమాదేవి దగ్గర గని విస్తరణలో భాగంగా కాలువ తవ్వడానికి పచ్చని వరిపైరు మీదికే యంత్రాలు వెళ్ళాయి. ఆ భూములు ఎప్పుడో సేకరించినవేనని సంస్థ వాదన. పాలుపోసుకునే పైరు కోసం ఆ కొద్ది నెలలు ఆగలేరా అన్నది రైతు గోడు. ఈ గోడులో న్యాయముంది. భూమి కాగితం మీద చేతులు మారినా, అందులో పైరు నిలిచి ఉన్నంత కాలం అది ఒక మనిషి చాకిరీ. అదే ఏడాది జనవరిలో జర్మనీలో, గార్జ్‌వైలర్ లిగ్నైట్ గని అంచున ఉన్న ల్యుట్జెరాట్ అనే పల్లెను ఖాళీ చేయించడానికి పోలీసులు వేల మంది నిరసనకారులను నెట్టుకుంటూ వెళ్ళారు. లిగ్నైట్ పైపైనే దొరుకుతుంది కాబట్టి చవక. పైపైన ఉండేవి ఊళ్ళే కాబట్టి ఆ చవక ఊళ్ళ మీద పడుతుంది.

అనంతపురానికి సొంతమైన ఇంధనం ఏదైనా ఉంటే అది నేల కింద లేదు. కొంతకాలం నేల కింద వెతికారు. రామగిరిలో బంగారు గని 2001 దాకా నడిచి మూతపడింది. అదే రామగిరి గుట్టల మీద 1990లలో గాలిమరలు లేచాయి. గనిలోకి దిగే దారి మూసుకుపోయింది, కొండ మీద రెక్కలు తిరుగుతున్నాయి.

ఈ గాలి సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం మీది తేమను మోసుకుని వస్తుంది. పడమటి కనుమలు ఎక్కేటప్పుడు ఆ తేమంతా అటు పక్కనే కురిసిపోతుంది. కొండ దాటి ఇటు దిగిన గాలి పొడిగా ఉంటుంది, కానీ బలంగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేరుశెనగ రైతు తల పైకెత్తి చూసే మబ్బులు ఆ గాలికే తూర్పుకు పరుగెడతాయి. ‘మోడం పట్టింది గానీ గాలి తోసేసింది’ అన్న మాట ఏటా వినేదే. ఆ తోసేసే గాలే మరను తిప్పుతుంది. గాలి వేగం రెట్టింపైతే అందులో శక్తి ఎనిమిదింతలవుతుంది. కాబట్టి ఆ నాలుగు నెలలే మరలకు పంటకాలం. వాన ముఖం చాటేయడానికి కారణమైన కనుమల అమరికే ఈ జిల్లాకు కరెంటు తెచ్చింది. ఉరవకొండ, కల్యాణదుర్గం దారుల్లో ఇప్పుడు చూపు మేరా మరలే.

మబ్బు నిలవని ఆకాశం ఎండను కూడా అడ్డుకోదు. కదిరి అవతల నంబులపూలకుంటలో వేల ఎకరాల సౌర పార్కు వచ్చింది. అందులో ఎన్టీపీసీ తొలి 250 మెగావాట్లు 2016లో మొదలయ్యాయి. రాత్రులు, మబ్బులు పోను సగటున ఐదో వంతు సామర్థ్యంతో నడిచినా ఆ 250 మెగావాట్లు రోజుకు 12 లక్షల యూనిట్లు ఇస్తాయి. అన్నే యూనిట్లు నైవేలీలో తీయాలంటే 1,200 టన్నులకు పైగా లిగ్నైట్ తవ్వాలి, దాని కోసం 12,000 టన్నుల నీళ్ళు తోడాలి. ఇక్కడ పలకల మీద దుమ్ము కడగడానికి మాత్రం నీళ్ళు కావాలి. కరువు మండలంలో ఆ నీళ్ళూ తక్కువేమీ కాదు.

అదే మండలంలో, గూటిబైలులో, తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ఊడలు దించుకుంటూ ఐదెకరాల దాకా పరుచుకున్న ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. చెట్టు చేసే పని, పలక చేసే పని మొదట్లో ఒకటే, ఎండను పట్టడం. ఆకు తన మీద పడ్డ ఎండలో వందో వంతును దాచుకుంటే గొప్ప. పలక ఆరో వంతో ఐదో వంతో పట్టి అప్పటికప్పుడే తీగలోకి పంపేస్తుంది. కానీ చెట్టు దాచుకుంటుంది, పలక దాచుకోలేదు. నైవేలీ లిగ్నైట్ అంటే అలా దాచుకున్న ఎండే. ఏ అర్ధరాత్రి కావాలన్నా తీసి మండించుకోవచ్చు. బొగ్గుకున్న బలమంతా ఆ దాపులోనే ఉంది.

ఆ దాపును మరోలా సంపాదించే పని సీమలో మొదలైంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రాన్ని చేపట్టింది. ఎండ, గాలి మిగిలినప్పుడు కింది చెరువు నీళ్ళను పై చెరువుకు ఎక్కించడం, చీకటి పడ్డాక వదిలి టర్బైన్లు తిప్పడం, పద్ధతి ఇంతే. నీళ్ళను కరెంటుతో ఎత్తడం సీమకు కొత్త కాదు. శ్రీశైలం వెనుకజలాలను మాల్యాల దగ్గర ఎత్తిపోసి, మెట్టు మెట్టుగా పంపుతూ హంద్రీ-నీవా కాలువ 2012లో జీడిపల్లి జలాశయానికి కృష్ణా నీళ్ళు చేర్చింది. అక్కడ ఎక్కిన నీరు పొలానికి వెళ్తుంది. పిన్నాపురంలో ఎక్కినది కిందికి దిగుతూ కరెంటును తిరిగిస్తుంది.

వలయమాదేవి ప్రశ్న మాత్రం నంబులపూలకుంటలోనూ ఉంది. ఇక్కడ ఊళ్ళు లేచిపోలేదు, గొయ్యి తవ్వలేదు. కానీ పార్కు కంచె లోపల పడ్డది బీడు అన్న మాట సగమే నిజం. ఆ బీడులో వాన పడ్డ ఏడు కంది, వేరుశెనగ వేసుకున్నవాళ్ళున్నారు. పట్టా ఉన్నవారి మాట ఒకటి. పట్టా లేకుండా ఏళ్ళ తరబడి సాగు చేసుకున్నవారు పరిహారం కోసం పోరాడాల్సి వచ్చింది. గొర్రెల కాపరి దగ్గర ఏ కాగితమూ ఉండదు, అతనికి పోయింది మేత. కర్ణాటకలోని పావగడలో రైతుల నుంచి భూమిని కొనకుండా ఏటా ఎకరాకింత అని కౌలుకు తీసుకున్నారు. పావగడ ఉమ్మడి అనంతపురం జిల్లాకు మూడు వైపులా ఆనుకుని ఉన్న తాలూకా, అదే రాయి, అదే కరువు, అక్కడి వీధుల్లో వినిపించేది తెలుగే. ఆ కౌలు కాగితం మీద భూమి ఇంకా రైతు పేరునే ఉంది.